కంపోజిటింగ్‌కి కంప్యూటర్ కొనే ముందు మీ షాట్‌నే అడగండి

మొన్న పాలకొల్లు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. పెళ్లి వీడియోలు తీస్తాడు, ఎడిటింగ్‌లో చేయి తిరిగింది, ఇప్పుడు హైదరాబాద్ స్టూడియోల నుంచి వచ్చే రోటో (మనిషినో వస్తువునో అంచు వెంట గీసి బొమ్మలోంచి వేరుచేయడం), వైర్ రిమూవల్ (తీగలు చెరిపేయడం) పనులు కూడా పట్టాలని చూస్తున్నాడు. "అన్నయ్యా, లక్షా ఇరవై వేల దాకా సర్దగలను, గ్రాఫిక్స్ కార్డు ఏది తీసుకోమంటారు?" అని అడిగాడు. నన్ను అడిగేవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్న ఇదే. "కార్డు సంగతి ఆఖర్న చూద్దాం గానీ, నువ్వు చేయబోయే పనిలో బాగా కష్టమైన షాట్ ఒకటి తీసి పెట్టుకో" అన్నాను. ఎందుకలా అన్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మనవైపు పిల్లలు అప్పుచేసి మరీ మెషిన్ కొంటున్నారు, అది తీరా పనికి అడ్డం పడితే వడ్డీ మాత్రం ఆగదు.

ముందు ఎడిటింగ్‌కీ కంపోజిటింగ్‌కీ తేడా పట్టుకోవాలి. ఎడిటింగ్‌లో క్లిప్పుల్ని వరసగా పేర్చి ఆడిస్తాం, ఒక క్షణంలో తెరమీద సాధారణంగా ఒక బొమ్మే ఉంటుంది. కంపోజిటింగ్‌లో ఒకే ఫ్రేమ్ మీద ఐదారు బొమ్మలు కలుస్తాయి, ప్రతి దానికీ మాస్కు, రంగు, బ్లర్, ట్రాకింగ్ (కదలికని వెంబడించడం) ఉంటాయి, ఆ లెక్క అంతా ప్రతి పిక్సెల్‌కీ జరగాలి. అందుకే ఎడిటింగ్‌లో పరుగెత్తే మెషిన్ ఇక్కడ కూలబడుతుంది.

పరీక్షకి నేను వాడే షాట్ చెబుతాను. కాలవ గట్టు మీద నిలబడి, గాలికి ఊగుతున్న కొబ్బరి చెట్ల వెనకాల ఆకాశం కనిపించేలా పది సెకన్లు తీయండి, కెమెరా కొంచెం కదలాలి. ఆ ఆకాశం తీసేసి సాయంత్రపు మబ్బులు పెట్టాలి, మధ్యలో కరెంటు తీగలుంటే అవీ పోవాలి. కొబ్బరాకు చీలికలు ఒక్కొక్కటీ రోటో చేయడం మనిషి వల్ల అయ్యే పని కాదు, ఆకాశం వెలుగునీ నీలాన్నీ పట్టి కీ తీయాలి (అంటే ఆ రంగున్న చోటంతా పారదర్శకం చేయాలి), కెమెరా కదలికని ట్రాక్ చేయాలి, అంచుల్లో పాత ఆకాశం రంగు కడగాలి. ఒక్క షాట్‌లో కీయింగ్, ట్రాకింగ్, పెయింట్, గ్రెయిన్ (బొమ్మలోని సన్నటి నూగు) అన్నీ వచ్చేస్తాయి. మీ పని వేరే రకమైతే మీకు తగ్గ షాట్ ఎంచుకోండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్నేహితుడి సిస్టమ్ మీదో, షాపులో డెమో మెషిన్ మీదో, కుదరకపోతే మీ పాత కంప్యూటర్ మీదే సరే, రెండు గంటలు పనిచేయండి. పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టి, ప్రివ్యూ తడబడినప్పుడు ఏది నూరు శాతానికి కొట్టుకుంటుందో కాగితం మీద రాసుకోండి. ర్యామా, ప్రాసెసరా, డిస్కా, గ్రాఫిక్స్ కార్డు మెమరీయా? ఏది ముందు నిండిందో డబ్బు అక్కడికి వెళ్లాలి. పాలకొల్లు కుర్రాడి పాత మెషిన్‌లో ఉన్న 16 జీబీ ర్యామ్ ఐదో లేయర్‌కే నిండిపోయింది, కార్డు మాత్రం సగం కూడా వాడలేదు.

ర్యామ్ ఎందుకలా నిండుతుందో లెక్క వేసి చూడండి, నోటితో చేసుకునేంత తేలిక. హెచ్‌డీ ఫ్రేమ్‌లో 1920 అడ్డం, 1080 నిలువు, అంటే 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా (పారదర్శకత) కలిపి ఒక్కో పిక్సెల్‌కి నాలుగు విలువలు. 8 బిట్‌లో ఒక ఫ్రేమ్ సుమారు 8.3 ఎంబీ, 16 బిట్‌లో 16.6, 32 బిట్ ఫ్లోట్‌లో 33 ఎంబీ. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున పది సెకన్ల షాట్ 32 బిట్‌లో మెమరీలో పెడితే 8.3 జీబీ. అదే 4కే అయితే దానికి నాలుగింతలు, 33 జీబీ. ఇది ఒక్క బొమ్మకే, ఇంకా విండోస్, బ్రౌజరు, సాఫ్ట్‌వేరు తినేది వేరు. మీ ఫోన్ వీడియో ఫైలు వంద ఎంబీయే ఉండొచ్చు గానీ, విప్పిన తర్వాత ఎంతవుతుందో అదే మెషిన్ మోయాల్సిన బరువు. గాదెలో ఎంత ధాన్యం పట్టినా కల్లం చిన్నదైతే నూర్పు సాగదు కదా, హార్డ్‌డిస్కు గాదె అయితే ర్యామ్ కల్లం.

అందుకని 32 జీబీ కన్నా తక్కువతో మొదలుపెట్టొద్దు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ వాళ్లే మామూలుగా 16 జీబీ, దాని లోపలి కంపోజిటింగ్ భాగమైన ఫ్యూజన్ వాడితే 32 జీబీ అని రాస్తారు. 4కే పని ఉంటే 64. కొనేటప్పుడు ఒకటే పెద్ద ర్యామ్ ముక్క కాకుండా రెండు సమానమైన ముక్కలు తీసుకోండి, అప్పుడే రెండు చానెళ్లూ పనిచేసి వేగం వస్తుంది. నా మొదటి అసెంబుల్డ్ మెషిన్‌కి షాపువాళ్లు ఒకే ముక్క వేసి ఇచ్చారు, నాకు తెలియక ఏడాది పాటు అలాగే నెట్టుకొచ్చాను. నాలుగు స్లాట్లున్న మదర్‌బోర్డు అయితే రెండు ఖాళీగా వదిలినా తర్వాత పెంచుకోవచ్చు, కాకపోతే కొత్త రకం ర్యామ్ డీడీఆర్5లో నాలుగూ నింపితే వేగం తగ్గుతుంది కాబట్టి 64 కావాలని ముందే తెలిస్తే రెండు 32లు తీసుకోవడం మేలు.

డిస్కు సంగతి కూడా అదే లెక్కలో తేలుతుంది. 16 బిట్‌లో కుదింపు లేని హెచ్‌డీ ఫ్రేములు సెకనుకి 25 చదవాలంటే 415 ఎంబీ వేగం కావాలి. తిరిగే హార్డ్‌డిస్కు ఇచ్చేది సుమారు 150 నుంచి 200. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దగ్గర ఆగుతుంది, అంటే ఒక్క ప్లేటుకి (కలపబోయే ఒక్క వీడియో ముక్కకి) బొటాబొటీ. రెండు మూడు ప్లేట్లు కలిపే పనికి ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) తప్పదు, దాంట్లో మూడో తరానిదే 3,500 దాకా చదువుతుంది కాబట్టి ఖరీదైన ఐదో తరం కోసం పరుగెత్తక్కర్లేదు. రెండు ఎన్‌వీఎంఈలు పెట్టండి, ఒకదాంట్లో విండోసూ సాఫ్ట్‌వేర్లూ, రెండోదాంట్లో నడుస్తున్న ప్రాజెక్టూ క్యాషూ (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు). అయిపోయిన పనులు హార్డ్‌డిస్కులోకి తోసేయండి, నిల్వకి అది చాలా మంచిది.

ఇప్పుడు చాలామంది దెబ్బతినే చోటు, కెమెరా ఫైళ్లు. పెళ్లి కెమెరాలు ఇచ్చే హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు, ముందువెనక ఫ్రేములతో పోల్చి మారినంత వరకే దాస్తాయి. కంపోజిటింగ్‌లో మనం ఒక ఫ్రేము మీద కూర్చుని, వెనక్కీ ముందుకీ జరుగుతూ ఉంటాం, జరిగిన ప్రతిసారీ మెషిన్ ఆ ముడులన్నీ విప్పాలి. పైగా 4:2:0లో తీస్తే రంగు సమాచారం నాలుగు పిక్సెళ్లకి ఒకటే ఉంటుంది, కీ తీసేసరికి కొబ్బరాకు అంచు మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా లేని రంగు రాదు. కాబట్టి కెమెరాలో దానికి రెట్టింపు రంగు సమాచారం ఉండే 10 బిట్ 4:2:2 ఉంటే కీ తీయాల్సిన షాట్లు దాంట్లోనే తీయండి. చుట్టూ వరిచేలున్న చోట గ్రీన్ మ్యాట్ పెడితే పచ్చదనం అన్ని వైపుల నుంచీ మనిషి మీద పడుతుంది, పెళ్లికూతురు ఆకుపచ్చ పట్టుచీరలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు, నీలం మ్యాట్ వాడండి.

4:2:2 ఫైళ్లకి ఇంకో చిక్కు ఉంది. హెచ్.265 4:2:2ని హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి ఎన్‌విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో విప్పడానికి ఉండే క్విక్ సింక్ అనే భాగం మాత్రం 11వ తరం నుంచే చేస్తుంది. కానీ ఇంటెల్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉన్న ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింకూ ఉండదు. చవగ్గా వస్తుందని ఎఫ్ రకం అంటగట్టే షాపులు ఉంటాయి, బిల్లు రాయకముందే అడగండి. ఏ మెషిన్ అయినా సరే, పని మొదలుపెట్టే ముందు ఆ షాట్ వరకు కత్తిరించి డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లేదా ప్రోరెస్‌లోకి, లేదంటే నేరుగా ఈఎక్స్‌ఆర్ ఫ్రేముల్లోకి (ఇవన్నీ ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా దాచే ఫైలు రకాలు) మార్చుకుంటే సగం కష్టం అక్కడే తీరుతుంది.

ప్రాసెసర్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది కోర్లు, మంచి క్లాక్ వేగం చాలు. 3డీ రెండరింగ్ కూడా ప్రాసెసర్ మీదే చేస్తే పన్నెండో పదహారో చూడండి. ఏఎండీ ఏఎమ్5 బోర్డు తీసుకుంటే రైజెన్ 5 7600తో మొదలుపెట్టి, బోర్డు మార్చకుండా తర్వాత పెద్దది వేసుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 దొరికితే జాగ్రత్త, వాటిలో వోల్టేజీ ఎక్కువై చిప్పు మెల్లగా చెడిపోయే సమస్య బయటపడి 2024లో ఇంటెల్ వారంటీ కూడా పెంచింది. కొత్త బయోస్ (మదర్‌బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) వేస్తే మున్ముందు ఆ నష్టం జరగదు, జరిగిపోయినదాన్ని అది బాగుచేయలేదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. సాఫ్ట్‌వేర్లలో రిజాల్వ్, ఫ్యూజన్, బ్లెండర్ దీని మీద బాగా ఆధారపడతాయి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, న్యూక్ తక్కువ. వేగం కన్నా ముందు దాని మెమరీ చూడండి. వేగం తక్కువైతే ఆలస్యం అవుతుంది, మెమరీ చాలకపోతే పని మధ్యలో ఆగిపోతుంది. హెచ్‌డీకి 8 జీబీ నడుస్తుంది, 4కే అంటే 12 ఆపైన. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు ఈ పనికి ఇంకా నమ్మకస్తురాలే, అది 170 వాట్లు తీసుకుంటుంది. 4060 115 వాట్లతోనే నడుస్తుంది గానీ 8 జీబీయే. 5060 టీఐ ఒకే పేరుతో 8 జీబీలోనూ 16 జీబీలోనూ వస్తుంది, పెట్టె మీద అంకె మీ కళ్లతో చూసి తీసుకోండి.

మానిటర్‌కి ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ (తెరల మామూలు రంగుల కొలమానం) నూరు శాతం ఉంటే చాలు. దాని వెలుగు, రంగు సెట్టింగు ఒకసారి సరిచేసి ఇక ముట్టుకోకండి. కిటికీ ఎండ తెరమీద పడకుండా చూసుకోండి. ల్యాప్‌టాప్ గురించి అడుగుతారు, షూటింగ్ చోటే పనిచేయాల్సి వస్తే తప్ప నేను వద్దంటాను, అదే పేరున్న కార్డు ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో నడుస్తుంది, రోహిణి కార్తె ఎండల్లో గంట రెండర్ పెడితే వేడికి ఇంకా తగ్గిపోతుంది. మ్యాక్ మినీ సంగతి వేరు. తక్కువ కరెంటు తింటుంది, చిన్న యూపీఎస్ మీద ఎక్కువసేపు నిలబడుతుంది, ప్రోరెస్ కోసం ప్రత్యేకమైన ఇంజిన్ ఉంది. కానీ మెమరీ తర్వాత పెంచుకోలేరు, ఎన్‌విడియా క్యూడా మీద నడిచే ప్లగిన్లు దాంట్లో పనిచేయవు. కొంటే మొదటే ఎక్కువ మెమరీది కొనండి.

కరెంటూ చెమ్మా

ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఎందుకంటే బయటివాళ్లు చెప్పే సలహాల్లో ఈ భాగం ఉండదు, మన డెల్టాలో మెషిన్లు ఎక్కువగా పోయేది దీనివల్లే.

గాలీవానా వస్తే కరెంటు పోతుంది, వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరెగిరి వస్తుంది. షాపుల్లో అలవాటుగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. ప్రాసెసర్ 125, కార్డు 170, మానిటర్ 30, మిగతావి 60 కలిపితే 385. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే ఆ యూపీఎస్ కుయ్యిమని ఆగిపోతుంది. 1000 వీఏ, 600 వాట్ల పైన ఉన్నది తీసుకోండి, కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు (క్యాబినెట్ లోపల కరెంటు సరఫరా చేసే పెట్టెలు) చాలావరకు ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటులా నున్నటి అల) ఇచ్చే యూపీఎస్‌తోనే సుఖంగా ఉంటాయి, ఇంటి ఇన్వర్టర్ కూడా అదే రకమైతే మంచిది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది వద్దు, పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది, 550 లేదా 650 వాట్లది వేయించండి. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటే ఇంటి ఎర్తింగ్ సరిగా లేదన్నమాట, ఎలక్ట్రీషియన్ని పిలిచి ముందు అది చూపించండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీయడంతో పాటు నెట్ తీగ కూడా పీకేయండి, పిడుగు ఏ తీగలోంచైనా రావచ్చు.

ఈ కరెంటు సంగతే రెండర్ పద్ధతిని కూడా మార్చాలి. నేరుగా ఎంపీ4గా రెండర్ పెట్టి 300వ ఫ్రేమ్ దగ్గర కరెంటు పోతే ఫైలు మొత్తం పనికిరాకుండా పోతుంది. అదే ఒక్కో ఫ్రేమూ విడి ఈఎక్స్‌ఆర్ లేదా పీఎన్‌జీ ఫైలుగా రెండర్ చేస్తే, 299 భద్రంగా ఉంటాయి, 300 నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎంపీ4 ఆఖర్న రెండు నిమిషాల పని. స్టూడియోలు ఫ్రేములే అడగడానికి వేరే కారణాలున్నా మనకి ఈ ఒక్క కారణం చాలు.

చెమ్మ ఇంకో శత్రువు. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ర్యామ్ బంగారు గీతల మీద మరక పట్టి ఒకరోజు మెషిన్ ఆన్ కాదు. ముక్క తీసి రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెడితే చాలాసార్లు లేస్తుంది. పని లేకపోయినా వానాకాలంలో రోజూ కాసేపు ఆన్‌లో ఉంచండి, ఆ వేడికి లోపలి చెమ్మ పోతుంది. పనవ్వగానే వేడి మీద ప్లాస్టిక్ కవరు కప్పొద్దు. వెనకాల ఖాళీ స్లాట్ల రేకులు పారేయకుండా బిగించి ఉంచండి, ఆ సందులోంచి బల్లులు, చీమలు వెచ్చదనానికి లోపలికి పోతాయి. కోతల రోజుల్లో ధాన్యం దుమ్ము ఫ్యాన్లకి పట్టేస్తుంది, ఫిల్టరు పదిహేను రోజులకోసారి దులపండి. లంక గ్రామాల్లోనూ ఏటిగట్టు దగ్గరా ఉండేవాళ్లు క్యాబినెట్ ఎప్పుడూ నేలమీద పెట్టకండి. 2022 జూలై వరదలో నీళ్లు ఎంత తొందరగా వచ్చాయో చూశాం. పని ఫైళ్ల నకలు ఒక డిస్కులో వేసి, గట్టు ఇవతల మెరకలో ఉన్న చుట్టాలింట్లో పెట్టండి.

సాఫ్ట్‌వేర్

దీనికి కూడా ముందు పనే చూడాలి. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండు దారుల్లో నడుస్తాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో లేయర్ల మీద లేయర్లు, పొరలు పరిచినట్టు. న్యూక్, ఫ్యూజన్, నేట్రాన్, బ్లెండర్ కంపోజిటర్‌లో నోడ్లు, పంట కాలవ నుంచి బోదెలు తీసినట్టు ఒక ప్లేటుని నాలుగు చోట్లకి పంపి, మళ్లీ ఎక్కడ కావాలంటే అక్కడ కలుపుకోవచ్చు. నాలుగైదు లేయర్ల దాకా మొదటిది తేలిక, కొబ్బరి చెట్ల షాట్ లాంటిది వస్తే నోడ్లే మేలు, ఏ రంగు ఎక్కడ మారిందో కళ్లెదుట కనిపిస్తుంది.

పెళ్లి వీడియోలతో పాటు కొన్ని షాట్లు చేసుకునేవాళ్లకి నా మొదటి మాట డావిన్చీ రిజాల్వ్. 2018లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి ఫ్యూజన్ దాని లోపలే ఉంది. ఉచిత వెర్షన్‌తో 3840 బై 2160 దాకా బయటికి తీయొచ్చు. టెంపొరల్ నాయిస్ రిడక్షన్ (పక్క ఫ్రేములతో పోల్చి నూగు తగ్గించేది) లాంటివి కావాలంటే స్టూడియో వెర్షన్, 295 డాలర్లు ఒక్కసారి కడితే సరిపోతుంది, ఇక్కడి ధర పన్నులతో కలిపి డీలర్‌ని అడగండి. లినక్స్‌లో ఉచిత వెర్షన్ హెచ్.264 తెరవదు, మీ కెమెరా ఫైళ్లన్నీ అవే అయితే విండోస్ మీదే ఉండండి.

హైదరాబాద్ స్టూడియోలో ఉద్యోగమో, వాళ్ల పనో కావాలంటే న్యూక్ నేర్చుకోవాలి. 1993లో డిజిటల్ డొమైన్ స్టూడియోలో సొంత అవసరాలకి పుట్టింది, 2007 నుంచి ఫౌండ్రీ చేతిలో ఉంది. నాన్ కమర్షియల్ వెర్షన్ ఉచితం, హెచ్‌డీ దాకా రెండర్ చేస్తుంది, నేర్చుకోవడానికి పూర్తిగా సరిపోతుంది. దాంతో డబ్బు తీసుకునే పని చేయకూడదు, ఫైలు మామూలు న్యూక్‌లో తెరుచుకోదు కూడా. మెషిన్ కొనే ముందే ఆ స్టూడియోని ఒక మాట అడగండి, ప్లేట్లు మీకు పంపుతారా, లేక వాళ్ల ఆఫీసు మెషిన్‌ని మీరు ఇక్కడి నుంచి నడపాలా అని. పెద్ద సినిమాల ప్లేట్లు భద్రత కోసం బయటికి పంపరు. రెండోదైతే మీకు కావాల్సింది నిలకడైన నెట్, మంచి మానిటర్, యూపీఎస్, అంతే. ప్లేట్లు పంపేవాళ్లయితే అప్‌లోడ్ వేగం చూసుకోండి, మనకి ప్లాను అమ్మేవాళ్లు డౌన్‌లోడ్ వేగమే చెబుతారు.

శుభలేఖ వీడియోలు, టైటిళ్లు ఎక్కువైతే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సులువు, నెలవారీ చందా మాత్రం పని లేని ఆషాఢంలో కూడా కట్టాలి. తెలుగు టైటిళ్లలో ఒత్తులు విడిపోతుంటే, పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని ప్రాజెక్టు కొత్తగా తెరవండి. పాత అను ఫాంట్లు వదిలేసి మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లకి మారండి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒత్తులు సరిగా చూపించకపోతే ఇంక్‌స్కేప్‌లో టైటిల్ రాసి, వెనక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీగా తెచ్చుకోండి. అక్షరం చెడిన శుభలేఖ మాత్రం ఎవరింటికీ పంపకండి.

చేతిలో పైసా లేకపోతే బ్లెండర్ దించుకోండి. ట్రాకింగ్, మాస్కింగ్, కీయింగ్, 3డీ అన్నీ ఉన్నాయి, దాంతో డబ్బు సంపాదించినా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. ఇన్ని ఉచితంగా ఉండగా క్రాక్ జోలికి వెళ్లొద్దని బతిమాలుతున్నాను. క్రాక్ ఫైలుతో వచ్చిన వైరస్ మా స్నేహితుడి డిస్కులో మూడు పెళ్లిళ్ల ఫుటేజ్‌కి తాళం వేసేసింది, ఆ మూడు కుటుంబాలకి మళ్లీ ఆ రోజు ఎవరు తెచ్చిస్తారు?

పాలకొల్లు కుర్రాడు చివరికి కొత్త మెషిన్ కొనలేదు. పాతదానికే రెండు 32 జీబీ ర్యామ్ ముక్కలు, ఒక ఎన్‌వీఎంఈ, పెద్ద యూపీఎస్, మంచి మానిటర్ పెట్టుకున్నాడు, మిగిలింది దాచాడు.

మీరు కొత్తదే కొంటుంటే రాజమండ్రి, కాకినాడ, విజయవాడల్లో ధరలు అడిగి, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ ధరతో పోల్చండి. కానీ వారంటీ పని పడితే ఎక్కడికి మోసుకెళ్లాలో కూడా లెక్కలో వేసుకోండి. ప్రతి వస్తువు సీరియల్ నంబరూ బిల్లు మీద ఉండాలి. బస్సులోనో రైల్లోనో తెచ్చేటట్టయితే గ్రాఫిక్స్ కార్డు ఊడదీయించి దాని పెట్టెలో విడిగా తెచ్చుకోండి, కుదుపులకి స్లాట్ విరుగుతుంది. ఇంటికొచ్చాక మొదటి రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి ర్యామ్ పరీక్షించండి, ఒక్క తప్పు వచ్చినా తెల్లారగానే షాపుకి ఫోన్ చేయండి. మర్నాడు మీ కొబ్బరి చెట్ల షాట్ తెరిచి రెండర్ పెట్టి, ఫ్రేములు వస్తుండగా మెయిన్ స్విచ్ ఆపి యూపీఎస్ ఎన్ని నిమిషాలు మోస్తుందో గడియారం పెట్టి చూడండి.